బస్సు ఆగని పొలిమేర

మన్సూరాబాద్, 3-6-2014

అమ్మకు హెప్సిబా వందనాలు. నీ ఫోను పలకడం లేదు, అందుకే కార్డు. నిన్న జగ్గయ్యపేట నుంచి క్షేమంగా చేరాను.

రాష్ట్రం వేరైతే కోదాడ దవాఖానాలో పనికి ఎలా వెళ్లాలని బెంగపడ్డావు కదా! బస్సును ఎవరూ ఆపలేదు. "హద్దు ఎక్కడ బాబూ?" అని ఒక ముసలాయన అడిగాడు. "ఎనకనే పోయింది తాతా. ఇప్పుడు తెలంగాణల ఉన్నవ్" అన్నాడు కండక్టరు. కోదాడ రాగానే సగం మంది టిఫిన్ డబ్బాలతో దిగి, ఎప్పటిలాగే పనికి వెళ్లారు. పొద్దున ఒక రాష్ట్రంలో నిద్రలేచి, ఇంకో రాష్ట్రంలో కష్టపడే మనుషులమ్మా! నువ్వూ వాళ్లలో ఒకతివి.

నాన్న కంట్లో చుక్కలు వేస్తున్నావా? దిల్‌సుఖ్‌నగర్‌లో నీకు గట్టి చెప్పులు కొంటానన్నాడు మీ అల్లుడు శాంసన్. నీ పాదం కొలిచిన దారం పంపు. రాకపోకల్లో దేవుడు నీకు తోడుండాలి.

నీ హెప్సిబా