కోసిన కవచం

అన్నా,

నిన్న రిహార్సల్‌లో కాలు విరిగి నువ్వు ఆస్పత్రిలో పడ్డావు. ఈ సాయంత్రం చిక్కడపల్లిలో నాటకం ఆగకూడదని, నిన్ను అడగకుండానే నీ రాజు వేషం ఫైబర్ కవచాన్ని కోసేశాను. రెండు పక్కలా మూడేసి అంగుళాలు తీసేసి, కోఠిలో కొన్న తోలు పట్టీలు బిగించాను.

ఆడపిల్లకు ఆ వేషమేందని నువ్వు కసిరిన నీ కూతురు శ్రీదివ్యే దాన్ని తొడుక్కుంది. ముందు ఊపిరాడక ముఖం ఎర్రబడింది. నేను భయపడి విప్పబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పకత్తా! జర వదులు చెయ్యి, చాలు."

వదులు చేశాక నీ మొదటి పద్యం తడబడకుండా పాడింది.

ఇక ఆ కవచం నీకు పట్టదన్నా. నన్ను రేపు తిట్టు. ఆరింటికి తెర లేచేలోపు దివ్యకు ఒక్క ఫోన్ చెయ్యి.

నీ చెల్లెలు