గాలి ఆగాలని మొక్కాను

దంతెవాడ,
ఆదివారం, మధ్యాహ్నం.

చిరంజీవి తమ్ముడు అప్పలరాజుకు, మరదలు పైడితల్లికి మీ అప్ప దీవెనలు.

అమ్మవారి దయవల్ల నేనూ సంధ్యా ఇక్కడ బాగున్నాం. మీరందరూ బాగున్నారని తలుస్తాను. చిన్నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? కొత్త వల నీళ్ళలో దిగిందా? మరదలు పంపిన ఎండు నెత్తళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి. పొదుపుగా వండుతున్నాను. ఇక్కడిది చెరువు చేప. ఎంత పులుసు పోసినా బురద వాసన పోదు.

నేను వచ్చి ఐదు నెలలైంది. సంధ్య ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళాక పక్కింటి రత్నమ్మ బట్టల కొట్లో కూర్చుంటున్నాను. వాళ్ళ సొంతూరు ఇటు సరిహద్దులోని కుంట. తెలుగు మాట వినాలంటే ఆమె ఒక్కతే దిక్కు. కొనడానికి వచ్చినవాళ్ళతో ఆమె హిందీలో, హల్బీలో, గోండిలో మాట్లాడుతుంది. నేను బట్ట మడత పెడతాను. ఎండ బాగా ముదిరింది. ఆకు కదలదు. ఇక్కడ ఎవరూ పొద్దున లేచి గాలి ఎటు ఉందని చూడరు. నేను మాత్రం చూస్తూనే ఉన్నాను.

నా గురించి దిగులు పడకు. నేను బాగానే ఉన్నాను. దిగులు వేరే ఉంది. ఫోనులో చెబితే చిన్నాన్నకు వినపడదు. నువ్వు ఆయన పక్కన కూర్చుని ఇది చదివి వినిపించు.

పోయిన నెల సంధ్య, "అమ్మా, సెలవు దొరికింది. రామేశ్వరం వెళ్తున్నాం" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. వాళ్ళ నాన్న పేరున అక్కడ ఒక మునక వేసి రమ్మన్నాను. మునకలకేం, చాలా పడతాయి అంది. అప్పుడు ఫోనులో చూపించింది. నడుముకు పెద్ద గాలిపటం తగిలించుకుని, కాళ్ళ కింద పలక పెట్టుకుని, గాలి లాగితే సముద్రం మీద జారుకుంటూ పోవడం. దానికి ఒక బడి కూడా ఉందట. తనూ, ఇద్దరు తోటి నర్సులూ. నాలుగు రోజులు.

"అక్కడి గాలి నమ్మకమైందమ్మా. ఎండకి నేల కాగగానే సముద్రం మీంచి లేస్తుంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఒకే తీరు."

"గాలి ఎవరికి మాట ఇచ్చింది?" అన్నాను.

"అప్పలరాజు మావయ్య ఆ గాలిని నమ్ముకునేగా ఇల్లు చేరేది. ఆయనకి చెప్పవేం?"

నేను వద్దనలేదు. అది సంపాదించుకుంటున్న పిల్ల. వాళ్ళ నాన్న పోయిన ఏడాదిన్నరలో దాని నోట నవ్వు వినడం నాకు అదే మొదలు. ఆ నోటిని ఎలా మూయను? అందుకని తెల్లారి దంతేశ్వరమ్మ గుడికి వెళ్ళి, ఎర్ర గుడ్డలో కొబ్బరికాయ కట్టి మొక్కాను. తల్లీ, ఆ నాలుగు రోజులూ ఆ ఒడ్డున గాలి వీయకుండా చూడు, పిల్ల పటం విప్పకుండానే తిరిగి రావాలి అని. మనసు తేలికపడింది.

మొక్కిన మూడో రోజు అన్నం తింటూ సంధ్యే చెప్పింది. "గాలి ఎక్కువైతే భయం లేదమ్మా, పటం వదిలేసే పట్టు ఉంటుంది. నడి నీళ్ళలో గాలి ఆగిపోతేనే చిక్కు. పటం నీళ్ళలో పడుతుంది. పడవ రాకపోతే ఈదుకుంటూ రావాలి."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

నువ్వప్పుడు ఉయ్యాలలో ఉన్నావు, నీకు తెలియదు. తెరచాప నీళ్ళ మీద ఉన్నంతసేపు ఇంట్లో ఆడవాళ్ళు గాలి ఆగాలని అనకూడదు. విసనకర్ర బోర్లా పెట్టినా అమ్మ ఒప్పుకునేది కాదు. ఒక పొద్దు, చెవులు హోరెత్తుతున్నాయి, ఈ గాలి ఆగితే బాగుణ్ణు అన్నాను. నాకు పదేళ్ళు. ఆ పొద్దే గాలి పడిపోయింది. నాన్న, చిన్నాన్న వెళ్ళిన తెప్ప రెండు రోజులు కదలక నిలిచిపోయింది. అమ్మ నన్ను కొట్టలేదు. వాళ్ళు ఒడ్డు చేరేదాకా నాతో మాట్లాడలేదు. అంత తెలిసిన దాన్ని, నాలుగు రోజులు లెక్కపెట్టి మరీ అదే కోరాను.

రత్నమ్మను వెంటబెట్టుకుని మళ్ళీ గుడికి వెళ్ళాను. మొక్కు వెనక్కి తీసుకోవచ్చా అని పూజారిని అడిగించాను. ఆయన హిందీలో ఏదో అన్నాడు.

"పెట్టిన అర్జీ వాపస్ రాదంట అక్కా. ఇంకో అర్జీ పెట్టుకో అంటుండు" అంది రత్నమ్మ. బయటికి వచ్చాక, "ఏంది అక్కా, పిల్లకు ఈత రాదా?" అంది.

వచ్చు. స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకుంది. పూల్‌లో అల ఉండదు.

కనుక తమ్ముడూ, నువ్వు రెండు పనులు చెయ్యి. ఒకటి, గంగమ్మకు నా తరపున తప్పు చెప్పించు. ఎలా చెప్పాలో చిన్నాన్నను అడుగు. రెండోది, రామేశ్వరం వెళ్తూ సంధ్య ఇక్కడ రైలెక్కి విశాఖలో దిగి మీ ఇంట ఒక పూట ఆగుతుంది. దాన్ని పడవలో అర మైలు లోపలికి తీసుకెళ్ళి ఇంజిను ఆపి, లైఫ్ జాకెట్ తొడిగి దింపు. పడవ పక్కనే ఉండనీ. చెయ్యి మాత్రం ఇవ్వకు. మేనకోడలని జాలి పడకు. తనంతట తాను ఒడ్డు చేరితే

ఇక్కడి దాకా రాశాక పాలు పొంగితే లేచాను. వచ్చేసరికి కాగితం సంధ్య చేతిలో ఉంది. నిలబడే మొత్తం చదివింది.

"నన్ను అడక్కుండా గాలిని అడిగావా?" అంది.

కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. తరువాత, "ఈదుతాను. కానీ నువ్వు ఒడ్డున నిలబడాలి. నా వెనక మొక్కులొద్దు, నా ఎదురుగా చెప్పు" అంది.

అందుకని నేనూ వస్తున్నాను. మీ ఒడ్డు దాకానే. అది ఈది వస్తే, గాలి బాగా వీయాలి అని నా నోటితో దీవించి రైలెక్కించాలి. మాట ఇచ్చాను. ఆ మాట గొంతు దాటడానికి ఇప్పటినుంచే జపంలా అనుకుంటున్నాను. ఇంకా సరిగా రావడం లేదు.

చిన్నాన్నకు నా నమస్కారాలు. ఆయన దీవెన నాకూ సంధ్యకూ కావాలని చెప్పు. మరదలిని చాప ఒకటి ఎక్కువ పరచమను. పిల్లలకు ముద్దులు.

మీ అందరి క్షేమం రోజూ కోరుకునే
మీ అప్ప,
నూకాలమ్మ