పైకప్పు మీద మూసీ

నాంపల్లి,
సోమవారం

తారాజువ్వ లెర్నింగ్ సిస్టమ్స్, అబిడ్స్, సర్వీసు అధికారిగారికి,

నమస్కారం. నేను నాంపల్లి స్టేషన్ వెనక బడిలో ఆరో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతాను. వాడి చూడమని మీరిచ్చిన గురునేత్ర ప్రొజెక్టర్ మా గదిలో ఉంది. పోయిన వారం దాని స్టాండు కాలు విరిగి యంత్రం వెల్లకిలా పడింది. బొమ్మ గోడ మీద కాకుండా పైకప్పు మీద పడింది. అప్పుడు గోదావరి పాఠం నడుస్తోంది. పిల్లలు కాసేపు తలలెత్తి చూశారు. మెడలు నొప్పిపుట్టి ఒక్కొక్కరే జంపఖానా మీద వెల్లకిలా పడుకున్నారు. "టీచర్, గోదారి మన ఫ్యాను పక్కకెల్లి పోతున్నది" అన్నాడు కార్తీక్.

మా గదిలో ఒక గోడకు చెమ్మ, ఒక గోడకు బీరువాలు, ఒక గోడకు కిటికీలు. నాలుగోదానికి నల్లబల్ల. తెల్లగా ఉన్నది పైకప్పు ఒక్కటే. యంత్రాన్ని ఇలాగే పడుకోబెట్టి వాడుకోవడానికి మీ అనుమతి కావాలి.

మీ యాప్‌లో అడిగాను. అడిగిన వెంటనే "మీ సమస్య పరిష్కారమైంది" అని జవాబు వచ్చింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
విద్యావతి

తా.క.: పరిష్కరించింది ఎవరో చెబితే వారికి ధన్యవాదాలు చెప్పుకుంటాను.

*

అబిడ్స్,
గురువారం

విద్యావతి టీచర్‌గారికి,

మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం. కొత్త స్టాండు పంపుతున్నాం. బొమ్మ గోడ మీద పడాలి, పిల్లలు ఎదురుగా కూర్చోవాలి. మా సంస్థ పద్ధతి అది.

ఇంకో సంగతి. బొమ్మ పడాల్సిన గోడకు మేం బిగించిన కెమెరా, పాఠం నడుస్తున్నంతసేపూ తనవైపు తిరిగి ఉన్న ముఖాలను లెక్కపెట్టి మాకు హాజరు పంపుతుంది. కొన్ని రోజులుగా మీ తరగతిలో ఎవరూ లేరని వస్తోంది. బడికి సెలవులా?

భవదీయుడు,
బుచ్చిబాబు, సర్వీసు విభాగం

తా.క.: ఆ లెక్క ప్రకారం మీరు కూడా రావడం లేదు. ఒంట్లో కులాసాయే కదా.

*

నాంపల్లి,
శనివారం

బుచ్చిబాబుగారికి,

సెలవులు లేవు. పిల్లలందరూ వస్తున్నారు. ముఖాలు పైకి ఉన్నాయి, మీ కెమెరా ఎదురుగా చూస్తోంది. నేనూ వాళ్ల పక్కనే పడుకుని పాఠం చెబుతున్నాను. నిలబడితే నా నీడ బంగాళాఖాతం మీద పడుతోంది.

కిటికీలకు దుప్పట్లు కడతాం. గదంతా చీకటి. పైన నది వెలుగుతూ కదులుతుంది. స్టేషన్లో రైలు కదిలితే మా నేల అదురుతుంది, దాంతో నదీ వణుకుతుంది. పిల్లలు ఆ వణుకు కోసం ఎదురుచూస్తారు. శ్రీనిధి అనే పిల్ల బడి తెరిచినప్పటి నుంచి తరగతిలో నోరు విప్పలేదు. మొన్న ఆ చీకట్లో "రాత్రిపూట గూడ నది పోతదా టీచర్?" అని అడిగింది. గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. నేను అదివరకు వినలేదు.

కాబట్టి అనుమతి ఇప్పించగలరు.

ఇట్లు, హాజరులోనే ఉన్న
విద్యావతి

తా.క.: కొత్త స్టాండు చేరింది. గట్టిగా ఉంది. గొడుగులు ఆరేస్తున్నాం.

*

అబిడ్స్,
మంగళవారం

టీచర్‌గారికి,

మీ ఉత్తరం మా మేనేజరు రవిచంద్రగారికి చూపించాను. పిల్లలంతా నేలమీద ఉన్నారని చదివి కంగారుపడ్డారు. "గదిలో గాలాడుతోందా? ఆసుపత్రికి తీసుకెళ్లారా?" అన్నారు. వాళ్లు నది చూస్తున్నారండీ అన్నాను. "నాంపల్లిలో నదేమిటయ్యా?" అన్నారు. తర్వాత హాజరు లెక్క తెప్పించుకున్నారు. తరగతి ఖాళీగా ఉందనీ, అది కప్పిపుచ్చడానికి మీరు కవిత్వం రాస్తున్నారనీ ఆయన నిర్ణయించారు.

యంత్రాన్ని బషీర్‌బాగ్‌లో ఇంకో బడికి ఇస్తారు. అక్కడి పిల్లలు కూర్చుంటారని తెలిసింది. తీసుకొచ్చే ముందు మా మనిషి ఒకరు పాఠం వేళకు వచ్చి, గది ఖాళీ అని కళ్లారా చూడాలి. ఆ మనిషి వచ్చినట్టు కెమెరాలో నమోదు కావాలి. అది నిబంధన. ఈ శనివారం ట్రాలీ ఆటోతో నేనే వస్తాను.

చింతిస్తూ,
బుచ్చిబాబు

తా.క.: ఈ లోపల ఒక్క రోజు పిల్లల్ని కూర్చోబెట్టండి. మిగతాది నేను సర్దుతాను. ఈ మాట నేను రాయలేదు.

*

నాంపల్లి,
గురువారం

బుచ్చిబాబుగారికి,

మీరు రాయని మాట ప్రకారం నిన్న పిల్లల్ని కూర్చోబెట్టాను. బొమ్మ చెమ్మగోడ మీద పడింది. కృష్ణా నదికి రెండు కొత్త ఉపనదులు వచ్చాయి. పిల్లలు చేతులు కట్టుకుని చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు. శ్రీనిధి తల దించుకుని కూర్చుంది.

మీరు వచ్చే శనివారం పాఠం నాది కాదు, శ్రీనిధిది. వాళ్లమ్మ ఫోనుతో నయాపూల్ వంతెన మీద నుంచి మూసీని వీడియో తీసింది. నాయనమ్మ మాటలు రికార్డు చేసుకుంది. రెండూ అతికించి తనే పాఠం తయారుచేసింది. కూర్చోబెడితే యంత్రం ఉంటుంది, ఆ పిల్ల మాట ఉండదు. అందుకని ఇక కూర్చోబెట్టదలచుకోలేదు. మీరు యంత్రం తీసుకెళ్లవచ్చు. పాఠం అయ్యేదాకా ఆగమని మాత్రం అడుగుతున్నాను.

ఇట్లు,
విద్యావతి

తా.క.: చెప్పులు, బూట్లు బయట విడవాలి. మేజోళ్లకు చిరుగులుంటే ఫికర్ చెయ్యకండి. చీకటి.

*

అబిడ్స్,
బుధవారం

విద్యావతమ్మగారికి,

శనివారం నేను వచ్చిన సంగతి మీకు తెలుసు. మా ఆఫీసుకు తెలియదు.

తలుపు తోయగానే "సార్, జర చూస్కొని రాండ్రి, గీడ మనుషులున్నరు" అని నేలమీద నుంచి ఎవరో అన్నారు. నిలబడితే తొక్కేలా ఉన్నానని దొరికిన చోట పడుకున్నాను. ట్రాలీ ఆటో నడిపే జితేందర్ నా పక్కన పడుకున్నాడు. పైన మూసీ కదిలింది. "మా నాయనమ్మ చిన్నప్పుడు గీ నీళ్లల్ల చందమామ కనవడేదట. ఇప్పుడు నది పండుకున్నది, లేస్తదంట" అని శ్రీనిధి చెప్పింది. ఎవరైనా ఏమన్నా అడుగుతారా అంది. నేను బడి వదిలాక ఎవరినీ ఏదీ అడగలేదు. ఈ నది ఇప్పుడు ఎటు పోతోందమ్మా అన్నాను.

"మీ మీదకెల్లే పోతున్నది సార్. కదలకుండ్రి" అంది.

కదల్లేదు. గంట కొట్టాక ఖాళీ ట్రాలీతో వచ్చేశాం.

సోమవారం మేనేజరుగారు లెక్క చూశారు. శనివారం ఆ గదిలో పిల్లలు లేరు, టీచరు లేరు, నేనూ లేను. "వెళ్లకుండానే వెళ్లానంటావా?" అన్నారు. వెళ్లి పడుకున్నానండీ అన్నాను. అది ఆయనకు నచ్చలేదు. నిన్న తానే బయలుదేరి మీ బడికి వచ్చారు. ఆయన మీ గదిలో ఏం చూశారో నాకు చెప్పలేదు. తిరిగొచ్చేటప్పటికి చొక్కా వెనక జంపఖానా చారలున్నాయి.

ఈ ఉదయం నిన్నటి లెక్క వచ్చింది. గదిలో ఎవరూ లేరు. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. "బుచ్చిబాబూ, నిన్న నేనెక్కడున్నానయ్యా?" అన్నారు.

గది ఖాళీ అని మా మనిషి కళ్లారా చూసినట్టు రుజువుంటేనే యంత్రం వెనక్కి వస్తుంది. ఆ గదికి వచ్చినట్టు రుజువున్న మనిషి మా సంస్థలో ఒక్కడూ లేడు. అందువల్ల యంత్రాన్ని మీ బడిలోనే, ప్రస్తుతం ఉన్న భంగిమలోనే ఉంచాలని మేనేజరుగారు సంతకం చేశారు.

శ్రీనిధిని అడిగానని చెప్పండి.

మీ,
బుచ్చిబాబు

తా.క.: వచ్చే శనివారం పాఠమేమిటో కనుక్కోమని మేనేజరుగారు అన్నారు. కుర్చీ వెయ్యనక్కర్లేదు. ఆయన రానట్టే లెక్క.