కొయ్యని గుమ్మడికాయ

1894 ఫిబ్రవరి 5, సోమవారం

సంతలో ప్రసంగం. గొంతు బొంగురుపోయింది. నిండు గుమ్మడికాయకు మగవాడే మొదటి కత్తి పెట్టాలన్న ఆచారం మీద విరుచుకుపడ్డాను. స్త్రీని చేసినవాడు దేవుడు, కాయను చేసినవాడూ ఆయనే — ఆమె కోస్తే ఏం కీడు? ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. ఒకావిడ — "మరి మీ ఇంట్లో ఎవరు కోస్తారండీ, ఉపదేశిగారూ?"

మా ఇంట్లో కోయడానికీ తినడానికీ నేనొక్కణ్ణే.

ఫిబ్రవరి 6

గంజి, ఉప్పు. ఐగుప్తు విడిచి వచ్చాక అక్కడి దోసకాయలను తలచుకొని అరణ్యంలో ఏడ్చిన జనం గురించి బైబిల్లో చదివాను. ప్రసంగాల్లో వాళ్ళను ఎన్నిసార్లు గద్దించానో... అక్క పెట్టే గుమ్మడి వడియాలు. కోరు నేతిలో మగ్గించి బెల్లం వేసి చేసే ఆ తీపి. పుస్తకం మూసేశాను.

ఫిబ్రవరి 7

పొద్దున్నే చాకలి అప్పమ్మ. "మీ అక్కగారు రమ్మన్నారండి. బూడిదగుమ్మడికాయకి కత్తెట్టాలంట. ముక్కలకి ఉప్పు రాసి రాత్రికి మూట కట్టాలంట, రేపు వడియాలు. బావగారు రంగూన్లో ఉన్నారు గదా, ఇంకెవరున్నారండి?" పోతూ పోతూ — "మొన్న సంతలో అరిసింది మీరేగదండీ" అని నవ్వింది.

నేను బాప్తిస్మం పుచ్చుకున్ననాటి నుంచి ఆ గడప తొక్కలేదు. అక్క నోట నా పేరే రాదని విన్నాను...

పెరటి దారిన వెళ్ళాను. అరుగు మీద కాయ, పక్కన కత్తి. అక్క ముఖం ఇటు తిప్పలేదు. చిక్కిపోయింది.

"లోపలికి రాకు. అక్కడే కూర్చుని కొయ్యి."

కత్తి తీశాను. సంతంతా కళ్ళముందు మెదిలింది. కింద పెట్టాను. "నువ్వే కొయ్యక్కా. ఏ కీడూ రాదు. వాక్యం ఏమంటుందంటే —"

"పప్పు నానుతోందిరా. వాక్యం తరవాత చెబుదువుగాని."

నేను కొయ్యలేదు. "కాయ కోసమే పిలిచాననుకున్నావా?" అంది. తలుపు వేసుకుంది.

ఫిబ్రవరి 8

ఎక్కడికీ వెళ్ళలేదు.

ఫిబ్రవరి 9

అక్క ఉత్త మినప వడియాలే పెట్టుకుందట. అప్పమ్మ చెప్పింది. "ఇంకెవరినన్నా పిలవకూడదా అంటే మాట్టాడరండి."

కోసి ఉంటే మళ్ళీ సంతలో ఏ ముఖంతో నిలబడను? కొయ్యకపోతే — అక్క. వాక్యం తెరిచాను. రెండువైపులా మాట దొరుకుతోంది.

ఫిబ్రవరి 11, ఆదివారం

"ఇవాళ అరవలేదేంటండీ?" అన్నారు ప్రార్థన కూడికలో.

ఫిబ్రవరి 12

సాయంకాలం మళ్ళీ వెళ్ళాను. కోయడానికో, కొయ్యనని చెప్పడానికో — దారి పొడుగునా తేలలేదు. కాయ అరుగు మీదే ఉంది. లోపల ఏదో దంచుతున్న చప్పుడు.

"అక్కా" అన్నాను.

చప్పుడు ఆగింది.