నాలుగంగుళాల ఎత్తు

మావయ్యా,

మీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. మీరు లేకుండానే మన షెడ్డులో పాల వ్యాపారి ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌ను, వాగులో అడుగు తగలకుండా, నాలుగంగుళాలు పైకి లేపాను. కొత్త స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు బిగించగానే ఆయన తాళాలు అడిగాడు. కానీ బండి ఎత్తు పెరిగాక, చక్రాలు కిందికి వేలాడినప్పుడు బ్రేకు పైపులు తీగల్లా బిగుసుకుపోతున్నాయి. ఏ గతుకులోనో తెగితే ఆయన గతేమిటి?

"పొడుగు పైపులు వేసేదాకా బండి కదలదు" అన్నాను.

"మీ మావయ్యయితే ఎప్పుడో ఇచ్చేసేవాడు!"

"మావయ్యయితే మిమ్మల్ని షెడ్డు బయటికి సాగనంపేవారు."

నవ్వేశాడు. మర్నాడు పొడుగు పైపులు బిగించేదాకా ఆగాడు.

నిన్న వాగు దాటి, కొండ దిగి మరీ వచ్చాడు. "నిటారు దిగుడులో బ్రేకు చెప్పినట్టు వినిందమ్మా!" అన్నాడు.

షెడ్డు బోర్డు మీద మీ పేరు పక్కన నా పేరు రాయించుకోనా? అడగడం మర్యాద కోసమే. రంగు ఇప్పటికే ఆరిపోయింది.

మీ మేనకోడలు