మీగడ చెదరని కారు

ప్రొద్దుటూరు

సుభద్రా, ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం, మన పాత కారు కూడా బాగైంది.

"ఆ కార్లో తీసుకపోతే బిడ్డ తాగిన పాలు కడుపులో నిలుస్తాయా అప్పా?" అని మీ అమ్మ అడిగిన మాట మనసులోనే ఉంది. మెకానిక్ కలీం కుదుపులు ఆపాల్సిన పాత షాక్ అబ్జార్బర్లు విప్పి, "ఇవి ఉత్త గొట్టాలు మామా!" అని నవ్వాడు. నాలుగూ కొత్తవి వేయించాను. నిన్న అమ్మ తోడుపెట్టిన పెరుగు కుండను వెనక సీట్లో పెట్టుకుని జమ్మలమడుగు దాకా పోయి వచ్చాను. మీగడ చెదరలేదు.

ఉయ్యాల కట్టడానికి అమ్మకు నీ పాత చీర కావాలట. బీరువా తాళం ఎక్కడ పెట్టావు?

మామకు నమస్కారాలు, పాపకు ముద్దులు. ఆదివారం మిమ్మల్ని తీసుకురావడానికి పెరుగు కుండతోనే పెద్దముడియం వస్తాను. మూత మీ అమ్మనే తీయమను. మీగడ చెదిరి ఉంటే, ఆ పెరుగుతో అక్కడే అన్నం తిని ఒక్కణ్ణే తిరిగొస్తాను.

రామాంజులు