చివరి 'రు'

అక్కా,

నువ్వు పచ్చకామెర్లతో పోయి నేటికి ఏడాది. నిన్ను కొట్టినందుకు పడిన శిక్ష కొట్టెయ్యమని బావ పెట్టుకున్న అప్పీలు ఈరోజే తేలింది. బారిడీహ్‌లో మా ఇంటి నుంచి టెంపోలో ఒక్కదాన్నే కోర్టుకెళ్లాను.

అప్పట్లో నువ్వు బోనులో నిలబడి తెలుగులో "మా ఇంటాయన కొట్టినారు" అన్నావు కదా. ఇక్కడి కోర్టు కోసం హిందీలోకి మార్చినాయన దాన్ని "ఘర్‌వాలోఁ నే మారా", అంటే ఇంట్లోవాళ్లు కొట్టారని రాయించాడట. "ఇంట్లోవాళ్లంటే ఎవరైనా కావచ్చు, నా క్లయింటే ఎందుకవుతాడు?" అని బావ వకీలు దాన్నే పట్టుకున్నాడు.

జడ్జిగారు రికార్డులో ఉన్న నీ తెలుగు మాట చూపించి, కొట్టింది ఒకరా, చాలామందా అని అక్కడే ఉన్న ఒక తెలుగు వకీలుగారిని అడిగారు.

"ఒక్కడే సార్. ఆ చివరి 'రు' మొగుడికిచ్చే మర్యాద" అన్నారాయన.

జడ్జిగారు కళ్లజోడు తీశారు. "కొట్టినప్పుడు కూడానా?"

ఆ వెంటనే అప్పీలు కొట్టేశారు.

ఇంటికి రాగానే మా ఆయన "ఏటయ్యిందే?" అని అడిగారు. చూశావా, నేనూ "అడిగారు" అనే రాశాను. నాది మర్యాదే అనుకుంటున్నానక్కా.

మరి నీది?